గూట్లో పరిచిన నెమళ్లు

తక్కువ ఖర్చుతో వంటింటికి కొత్త కళ వస్తుందని పాలరాయి రంగు స్టిక్కర్ చుట్ట తెచ్చి గూళ్లలో అంటించాను. నున్నగా ఉంది. ఆవాలు ఒలికితే నిలవకుండా జారిపోతున్నాయి.

ధర్మవరం మగ్గాల ఇళ్లలో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన గూళ్లలో పరిచేది చీర అంచు డిజైన్‌కు, బొమ్మలో వరసకొకటి చొప్పున మగ్గానికి ఎక్కించి వాడి, పక్కన పడేసిన చిల్లుల అట్టలు. ఒలికిన ఆవాలు ఆ చిల్లుల్లో ఇరుక్కునేవి.

ఒక ఉగాదికి అమ్మ పొరపాటున మగ్గానికి ఎక్కించాల్సిన నెమళ్ల అంచు అట్టలే పరిచేసింది.

"నెమలి అట్టలు యాడబెట్టినావే?" అన్నాడు నాయన.

"పాతవనుకుంటి. గూట్లో ఉండాయి చూడు."

నాయన డబ్బాలన్నీ ఎత్తి అట్టలు ఏరుకున్నాడు. ఊరగాయ జాడీ కింద మాత్రం చూడలేదు. జానెడు నేశాక చూసుకుంటే అంచులో నెమళ్లకు కాళ్లు లేవు. జాడీ కింది అట్టలు తెచ్చి కలిపి చీర పూర్తి చేశాడు కానీ, నేతకిచ్చిన షావుకారు దాన్ని తీసుకోలేదు.

నాయన ఆ చీర తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. "కాళ్లు లేని కొస నడుములోకి దోపుకో, ఎవురికీ కనపడదు."

అన్నేళ్లుగా పట్టు నేస్తున్న ఇంట్లో అమ్మ కట్టిన మొదటి పట్టుచీర అదే.