నడుము మీది సీసం

హ్యొన్ గిల్సు రోజూ పొద్దున్నే కెమెరాను భుజానికి ఆనించే చట్రం ఎత్తుకునేవాడు. దానికి పాడైపోయిన పాత కెమెరా ఒకటి బిగించి, పైన నిండా నీళ్లున్న గిన్నె పెట్టి రేవు దాకా నడిచేవాడు. ఒలకగా మిగిలిన నీళ్లు చివరింటి ముసలి కుక్క పళ్లెంలో పోసి, దాని తల నిమిరి వచ్చేవాడు. కొరియాలోని జేజు దీవిలో మాది ఆయన పక్కిల్లే. చాలా రోజులు ఆ కుక్కకి గుక్కెడే దక్కేది.

నారింజ తోట పని చేసుకుంటూ ఊళ్లో పెళ్లిళ్లు, పూజలు వీడియో తీసేవాడాయన. కిందటేడు గాలితల్లి యొంగ్‌డుంగ్ అవ్వ పూజ తీసి చూపిస్తే, సముద్రంలో మునిగి గుల్లలు ఏరే ఆడవాళ్లంతా తలలు పట్టుకున్నారు.

"పూజ చూపిస్తానని పడవెక్కించావేమయ్యా! రోజంతా నీళ్లలో ఉన్నా రాని వాంతి ఇప్పుడొస్తోంది" అంది వాళ్ల పెద్ద, గో ఒక్సిల్.

కెమెరా బరువంతా ముందుకు లాగడం వల్లే బొమ్మలో ఆ ఊపు, అది పోగొట్టడానికే ఈ నీళ్ల గిన్నె నడక. ఆ ఆడవాళ్లలో ఒకరైన తన భార్య మల్‌సున్ తాలూకు చిరిగిన ఈత దుస్తుల రబ్బరు కత్తిరించి గిల్సు చట్రం కింద కుట్టాడు. జారడం తగ్గింది, ఊపు తగ్గలేదు. వెనక నారింజల సంచి కట్టాడు. అదీ ఊగింది. ఆఖరికి తలుపు వెనక వేలాడుతున్న మల్‌సున్ నడుం పట్టీ నుంచి, నీళ్లలో మునగడానికి బరువుగా ఉండే రెండు సీసపు ముద్దలు తీసి, చట్రం వెనక బిగించాడు. చెవిపోటని డాక్టరు ఆమెను ఈ ఏడు మునగొద్దన్నాడు, ఇక పట్టీతో పనేముందని గిల్సు అనుకున్నాడు.

మర్నాడు చుక్క ఒలకలేదు. కుక్క కడుపారా తాగింది. ఆ సంగతి భార్యకి మూడుసార్లు చెప్పాడు.

నాలుగో రోజు రేవు గోడ మీద నిలబడి, మునిగే ఆడవాళ్లను తీస్తున్నాడు. కెమెరాలో బొమ్మ రాయిలా నిలిచింది. ఒక్కొక్కరి కాళ్లు పైకి లేచి నీళ్లలోకి పోతున్నాయి. ఒక జత కాళ్లు మాత్రం నీటిని కొట్టుకుంటున్నాయే గాని కిందికి దిగడం లేదు. తల పైకొస్తోంది, మళ్లీ వంగుతోంది. మూడోసారి ఆ ముఖం ఇటు తిరిగింది.

మల్‌సున్.

పెదవులు తెల్లగా పాలిపోయాయి. గిల్సుకి అప్పుడు అర్థమైంది. ఆమెను కిందికి దింపాల్సిన బరువు తన భుజం మీదుంది! అది లేక, దిగడానికే ఉన్న ఊపిరంతా ఖర్చయిపోతోంది. గోడ దిగి నీళ్ల వైపు పరిగెత్తాడు. ఈలోగా ఒక్సిల్ చూసి, మల్‌సున్‌ని పట్టుకుని తేలడానికి వాడే ఆనపబుర్రకు ఆనించి ఒడ్డుకు లాక్కొచ్చింది. గాలితల్లి అవ్వ దయ, ఊపిరుంది. నెగడు పక్కన కూర్చోబెట్టి, ఒకరు అరిచేతులు రుద్దితే ఇంకొకరు తన పొడి చొక్కా కప్పారు.

"పట్టీ తేలిగ్గా ఉందని కట్టుకునేటప్పుడు తెలియలేదుటే?" అంది ఒక్సిల్.

"తెలిసింది పెద్దమ్మా. చెవిపోటు తగ్గింది కదాని వచ్చేశాను, అందరం కలిసే దిగాలిగా. నా ఒక్కదాని కోసం పదకొండు మందిని ఆపనా?"

"ఇంట్లోనే మొగుణ్ణి అడిగి తెచ్చుకోవాల్సింది, పిచ్చిదానా!"

"చుక్క ఒలకలేదని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఏ నోటితో అడగను?"

గిల్సు చట్రం దించి సీసం మరలు విప్పబోయాడు. ఒక్సిల్ పానా లాక్కుని తనే విప్పింది. ఆయన ఆ రెండు ముద్దలూ రెండు చేతులా పట్టి ఒక్సిల్ ముందు వంగాడు.

"పెద్దమ్మా, ఒక్క సాయం చెయ్యండి. ఇకమీద ఈవిడ దిగే ముందు మీరే నడుం తడిమి చూడండి. నాకైతే నిజం చెప్పదు."