నా పాదాలు పట్టుకున్న చేతులు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇది జరిగాక కూడా నమ్మడం లేదు. అలాగని జరిగింది జరగలేదని ఒప్పుకోమంటే ఒప్పుకోను.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగానికి బెంగాల్లోని లిలువా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేనూ మా రూతక్కా ఇక్కడే పుట్టాం. ఇప్పటికీ పక్కపక్క ఇళ్ళలోనే ఉంటున్నాం. నేను ఖిదిర్‌పూర్‌లో ఒక స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఆదివారం చర్చికి వెళ్తాను గానీ, గాలి సోకింది, నీడ పడింది అనేవాళ్ళతో చిన్నప్పటి నుంచీ నాకు పేచీయే.

రెండేళ్ళ కిందట నా ఎడమ కాలు మొద్దుబారడం మొదలైంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. బస్సు దిగేటప్పుడు పాదం నేలకు ఆనిందో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చేది. వెన్నులో కణితి ఉందేమోనని డాక్టర్ అనుమానపడ్డాడు. ఎంఆర్ఐ తీస్తే గానీ ఏమీ తేల్చలేననీ, ఆలస్యం చేస్తే కాలు పూర్తిగా పడిపోవచ్చనీ అన్నాడు.

నా కష్టం అక్కడే వచ్చింది. మూసేసిన చోట నేను ఉండలేను. లిఫ్ట్ కూడా ఎక్కను. రెండుసార్లు ఆ ఎంఆర్ఐ గొట్టంలోకి వెళ్ళి, రెండుసార్లూ ఊపిరాడక, చేతిలో పెట్టిన బెల్లు నొక్కేసి బయటికొచ్చేశాను. ఉబ్బసం ఉందని మత్తు ఇవ్వడానికి డాక్టర్ వెనకాడాడు. రెండోసారి బయట కాచుకుని ఉన్న అక్క నన్ను చూసి తల పట్టుకుంది.

"ఏటే, మళ్ళీ వచ్చీసినావా? రేపు కాలు పడిపోతే ఏటి చేస్తావు?" అంది.

ఇంట్లోవాళ్ళు దాన్ని మొండితనం అన్నారు. స్టాఫ్ రూములో ఒకాయన నాటకమన్నాడు. మా స్కూల్లో పిల్లల కోసం వచ్చే కౌన్సిలర్ ఒక్కతే అలా అనలేదు. బెంగాలీ అమ్మాయి, నాకన్నా చాలా చిన్నది. భయంతో వాదన పెట్టుకోవద్దంది. ఆ క్షణంలో ఒంటికి ఏది తెలుస్తోందో దాన్ని పట్టుకోమంది. అన్నిటికన్నా తొందరగా దొరికేది వెచ్చదనమట.

అప్పట్నుంచి రోజూ ఉదయం టీ పోసిన మట్టి కప్పును రెండు చేతుల్లో పట్టుకుని కూర్చునేదాన్ని. వేడి ఏ వేలికి ముందు తగిలింది, అల్లం వాసన ఎప్పుడు వచ్చింది, తడిసిన మట్టి పెదవికి ఎలా ఉంది, అదే ధ్యాస. మొదట్లో నాకే నవ్వొచ్చింది. కానీ గుండె దడ తగ్గేది. పనిచేస్తున్నదాన్ని కాదనడానికి నేనెవరిని?

మూడోసారి వెళ్ళింది ఒక మధ్యాహ్నం. అక్కకు గుండెలో పేస్‌మేకర్ ఉంది కాబట్టి లోపలికి రానివ్వరు. తలుపుకు ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. టెక్నీషియన్ నా పాదాలు కూడా మూసేలా కాళ్ళ మీద దుప్పటి కప్పి, అద్దాల గదిలోకి వెళ్ళిపోయాడు. తీసేది వెన్ను కాబట్టి మోకాళ్ళ కింది భాగం గొట్టం బయటే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మెషీన్ మోత మొదలైంది. ఏసీ చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. పట్టుకోవడానికి కప్పు లేదు, వాసన లేదు, వెచ్చదనం అన్నదే లేదు. బెల్లు మీద వేలు బిగించాను.

అప్పుడు ఎవరో నా రెండు పాదాలూ పట్టుకున్నారు.

వేడి చేతులు. కుంపటి మీద కాచుకుని వచ్చినట్టున్నాయి. అరచేతులు గరుకుగా ఉన్నాయి. బొటనవేళ్ళు అరికాళ్ళ మధ్య మెల్లగా నొక్కుతున్నాయి. ఎడమ చెయ్యి చూపుడువేలు వంకర, అది పాదానికి తిన్నగా ఆనడం లేదు. ఆవనూనె వాసన వచ్చింది. మొద్దుబారిన నా ఎడమ పాదానికి ఆ ఐదు వేళ్ళూ విడివిడిగా తెలిశాయి. నెలల తరబడి ఆ పాదానికి నేలే తెలియలేదు.

నేర్చుకున్నదే చేశాను. మడమ, వేడి. అరికాలు, వేడి. నూనె వాసన. మోత మోతలాగే ఉంది, నన్నేమీ చేయలేదు. బెల్లు మీద వేలు దానంతటదే వదులైంది.

స్కాన్ పూర్తయి బల్ల కదలబోయే ముందు ఆ చేతులు వదిలేశాయి. ఎడమ పాదం మళ్ళీ మొద్దుబారింది.

ఎవరో ఆయాను లోపలికి పంపాడనుకుని, ఆమెకు నా తరఫున థాంక్స్ చెప్పమని టెక్నీషియన్‌తో అన్నాను. అతను అర్థంకానట్టు చూశాడు.

"దిదీ, లోపలికి ఎవరూ రాలేదు. నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను," అన్నాడు బెంగాలీలో.

మెషీన్ వల్ల ఒళ్ళు కొంచెం వేడెక్కడం మామూలేనని కూడా అన్నాడు. నిజమే, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ గొట్టంలో ఉన్న నడుము చల్లగా ఉండి, బయట ఉన్న పాదాలు ఎలా వేడెక్కుతాయని అడిగాను. కప్పిన దుప్పటి చీలమండల పైకి చక్కగా మడిచి ఉంది. అతను దాన్ని సర్ది వెళ్ళిపోయాడు.

తలుపు దగ్గర అక్క కూడా ఎవరూ వెళ్ళలేదంది. చెప్పులు తొడగడానికి వంగి నా పాదం పట్టుకుని ఆగిపోయింది.

"ఇంత వేడేటే? ఆవనూనె రాసుకున్నావేటి?" అంది.

మా ఇంట్లో ఆవనూనె వాడం.

కణితి ప్రమాదకరమైనది కాదని తేలింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు బస్సు దిగేటప్పుడు కిందికి చూడను. కానీ అక్క భయం పోలేదు. ఆ చేతులు ఆ గదిలో చచ్చిపోయిన వాళ్ళెవరివో అంది. ఇంకెప్పుడూ అక్కడికి వెళ్ళొద్దని ఒట్టు పెట్టబోయింది. చెకప్ స్కాన్‌కు కావాలనే అక్కడికే వెళ్ళాను. ఈసారి ఎవరూ రాలేదు. నా అరచేతులే పొట్ట మీద పెట్టుకుని, వాటి వెచ్చదనం పట్టుకుని, చివరిదాకా ఉన్నాను.

ఆఖరికి అక్క పాస్టర్‌గారిని ఇంటికి పిలిచింది. ఆయన మంచివాడు. నన్ను అంటుకున్నది ఏదైనా ఉంటే వదిలిపోవాలని ప్రార్థన చేద్దామా అని మెల్లగా అడిగాడు. మర్యాదగానే వద్దన్నాను. భ్రమ అనేవాళ్ళకు ఆ దుప్పటి గురించి చెబుతాను, దయ్యం అనేవాళ్ళకు అసలు జవాబే చెప్పను. ఆ చేతులు ఎవరివో నాకు తెలియదు, తెలుస్తుందన్న ఆశా లేదు. కానీ నేను వణికిపోతున్నప్పుడు వచ్చి పాదాలు పట్టుకున్న మనిషిని వెళ్ళగొట్టమని మాత్రం నేను ఏ దేవుణ్ణీ అడగను.