సీల్ తీయని సీసా

నా చిన్నప్పుడు, కరోనా తగ్గి మాస్కులు గడ్డాల కిందికి దిగిన చలికాలంలో, మా పెద్దవాళ్లకి కొండలెక్కే పిచ్చి పట్టుకుంది. అప్పుడు మేం షార్జాలో, అల్ నహ్దాలో ఉండేవాళ్లం. సెలవురోజు తెల్లవారకముందే కార్లలో ఫుజైరా వైపు వెళ్లి, ఎండ ముదిరేలోగా కొండెక్కి దిగేవాళ్లం. స్నేహితులతో సరదాగా వెళ్తున్నామనేవాడు నాన్న. ఆ స్నేహితులందరికీ ముందు నడిచేది మాత్రం వాళ్ల ఆఫీసు ముదీర్, అంటే మేనేజరు; ఆయనా తెలుగాయనే. ఆయన రమ్మంటే రానన్నవాళ్లు లేరు. మా వీసాలు ఆయన మాట మీదే నిలిచి ఉన్నాయని అమ్మ ఇంట్లో గొంతు తగ్గించి అనేది.

ఆ రోజు పిల్లలం ముగ్గురం. తలా ఒక నీళ్ల సీసా ఇచ్చి, పైకి చేరేదాకా మూత తీయకూడదని ముదీర్ షరతు పెట్టాడు. ఎక్కడా నీడ లేని రాళ్ల దారి. సగం దూరంలోనే నా నాలుక పిడచకట్టుకుపోయింది. ఒక బండ చాటుకి వెళ్లి రెండు గుక్కలు తాగాను. ఆయన చూడనే చూశాడు.

సీసా లాక్కుని నా ఎదురుగానే రాళ్ల మీద వంచేశాడు. "ఖలాస్! నీళ్ల విలువేందో పాపకు ఇప్పుడు తెలుస్తది," అని నాన్న వైపు తిరిగాడు. "ఏమంటవ్?"

"అంతే సార్. తెలియాలి కదండీ," అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. నిండు సీసా చేతిలో పట్టుకుని నాన్న కూడా నవ్వాడు. మిగతా ఇద్దరు పిల్లలూ తమ సీసాలు వీపు వెనక్కి దాచుకున్నారు. తడిసిన రాయి నేను చూస్తుండగానే ఆరిపోయింది.

కొండ దిగేదాకా నాకెవరూ చుక్క పోయలేదు. పైన ఫొటోలు దిగేటప్పుడు ముదీర్ నన్ను పక్కనే నిలబెట్టుకుని, భుజం మీద చెయ్యి వేసి నవ్వమన్నాడు. నవ్వాను.

కారెక్కి తలుపు వేశాక నాన్న తన సీసా నా చేతికిచ్చాడు. మూత తిప్పితే టక్కున సీల్ తెగింది. ఒక్క గుక్క మిగల్చకుండా తాగేశాను. నాన్న పెదవులు తెల్లగా ఎండి పగిలి ఉన్నాయి. ఆ టక్కుమన్న చప్పుడుకి అర్థం నాకు కాస్త పెద్దయ్యాక గానీ బోధపడలేదు. ఆయనా ఆ దారంతా తాగలేదన్నమాట. తెలిశాక జాలేసింది. కోపం మాత్రం పోలేదు. నాతోపాటు ఎండిపోయాడు గానీ, నీళ్లయితే ఇవ్వలేదు కదా!

ఇప్పటికీ ఎవరైనా బుద్ధి నేర్పుతున్నామంటూ ఒక పిల్లని ఏడిపిస్తుంటే, నా చూపు మొదట పక్కన నిలబడి నవ్వేవాళ్ల చేతుల మీదికే పోతుంది.