కదలని చెయ్యి చేసిన పని

నేను అనకాపల్లి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మా అక్క భర్త ఊరి చివర బెల్లం గానుగలో పాకం కాచేవాడు. తొమ్మిదో తరగతిలో పని, శక్తి పాఠం వచ్చిన ప్రతి ఏడూ పిల్లల్ని ఆయన దగ్గరికే తీసుకెళ్లేవాణ్ణి. కరెంటుతో మోటారు తిరగడం, చెరకు నలగడం, ఎండిన పిప్పి పొయ్యిలో మండి రసాన్ని మరిగించడం, శక్తి రూపాలన్నీ ఆ ఒక్క పాక కిందే కనిపించేవి.

"ఈ మంట ఏటనుకున్నారు? ఎండే. సెరుకు ఇన్నాళ్లూ తాగిన ఎండ ఇప్పుడు బయటికొత్తంది" అనేవాడు బావ, పాకం కలుపుతూనే. నేను రెండు పీరియడ్లు చెప్పేది ఆయన అంతలో చెప్పేసేవాడు.

ఒకసారి అక్కడే పిల్లలకు చెప్పాను. "బలం పెట్టినంత మాత్రాన పని కాదు. వస్తువు కదలాలి. గోడని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తోసినా, అది కదలకపోతే చేసిన పని సున్నా."

బావ పగలబడి నవ్వాడు. "మా గానుగ కామందుకి మాత్రం ఈ సంగతి సెప్పకు మాస్టారూ!"

కిందటేడు బావ పాకం కాచే పెనం పక్కనే కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయింది. విశాఖ ఆసుపత్రిలో మూడు వారాలు ఉంచి ఇంటికి పంపేశారు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది. ఆయన చెయ్యి బల్ల మీద పెట్టి "లేపండి, లేస్తుంది" అనేది. ఆమె రాని రోజుల్లో స్కూలు నుంచి వచ్చి నేను కూర్చునేవాణ్ణి. బావ పళ్లు బిగించేవాడు. మెడ నరాలు పొంగేవి, చొక్కా తడిసిపోయేది. పాకం చిట్లి కాలిన మచ్చలున్న ఆ చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉండేది.

నాలుగో నెలలో, మాట కాస్త తేటపడ్డాక, ఒక సాయంత్రం ఆయన ఆగి నా వైపు చూశాడు.

"మాస్టారూ, ఇదీ సున్నాయేనా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"గోడని తోసినోడి సంగతి. నువ్వే సెప్పేవు."

"కాదు బావా. లోపల కండరాల్లో శక్తి ఖర్చవుతోంది. అదెక్కడికీ పోదు, వేడిగా మారుతుంది. చూడు, ఒళ్లెలా కాలుతోందో."

బావ ఎడం చేత్తో ఆ కుడి చెయ్యిని ఒళ్లోకి లాక్కున్నాడు. "వేడి నాకెందుకురా" అన్నాడు. అంతకుముందెప్పుడూ నన్ను రా అనలేదు. "వేడి కాడే కదా బతికేను ఇన్నాళ్లూ."

నేను చెప్పింది తప్పు కాదు. పుస్తకంలో ఉన్నదే. శక్తి నశించదు, నిజమే. కానీ చెదిరిపోయిన వేడిని పోగుచేసి మళ్లీ ఆ చేతిలో పెట్టడం ఎవరి తరమూ కాదు. అది నేను చెప్పలేదు. చెప్పకుండానే ఆయనకు తెలిసిపోయిందేమో.

మర్నాటి నుంచి ప్రయత్నించడం మానేశాడు. "లేపండి" అంటే కళ్లు మూసుకునేవాడు. ఆ అమ్మాయి ఇంకో నెల వచ్చింది. "ఆయన అనుకోకపోతే నేనేం చెయ్యలేనండీ" అని అక్కతో చెప్పి వెళ్లిపోయింది.

ఆ రోజు అక్క నన్ను ఒక్కటే అడిగింది. "మీ బావతో నువ్వేటన్నావు?"

"పాఠం చెప్పానక్కా" అన్నాను.

ఈ వానాకాలం ఆయన వీపు మీద పుండ్లు పడ్డాయి. పొద్దున్నే స్కూలుకి వెళ్లేముందు నేను భుజాలు పట్టుకుంటాను, అక్క కాళ్లు పట్టుకుంటుంది. ఇద్దరం కలిసి పక్కకి తిప్పుతాం. కళ్లు తెరిచే ఉంటాయి గానీ మా వైపు చూడడు. మధ్యాహ్నం అక్క ఒక్కతే తిప్పాలి. ఒక్కోరోజు ఆమె వల్ల కాదు.