దూలగొండి మండని చేయి

మొన్న అనంతగిరి గుట్ట కింద కంచెకు అల్లుకున్న ఒక తీగను నా మనవరాలు ఫోనుతో ఫోటో తీస్తే, ఆ ఫోను క్షణంలో ఏదో నోరు తిరగని పేరు చెప్పింది. పిల్ల మురిసిపోయి ఆకు తెంపబోయింది. నేను దాని చేయి ఎంత గట్టిగా లాగానంటే పాపం, బిత్తరపోయింది. ఆ తీగ పేరు నాకు ఫోను చెప్పాలా! అది దూలగొండి.

మన ఈడు వాళ్లకు తెలియనిదేముంది, వానలు పడగానే బోడకాకర కాయల కోసం కంచెలన్నీ గాలించేవాళ్లం కదా. మర్పల్లి దగ్గర మా ఊళ్లో ఆ కాకర తీగల్లోనే దూలగొండీ కలిసి పెరిగేది. అంచులకు రంపపు పళ్లు, ఆకు నిండా సన్నని నూగు, మూడు గింజలు అతికినట్టుండే చిన్న కాయ. ఇవన్నీ మాకు చూపించి నేర్పింది నాయనమ్మ. "ఎండకెదురుగ నిలవడి సూడుర్రి, నూగు మెరిసిందా, ముట్టకుర్రి" అనేది. ముట్టుకున్నామో, ఇక ఆ మంటకు ఇల్లు పీకి పందిరి వేసేవాళ్లం.

మా అక్కకు తాండూరు సంబంధం ఖాయమైన ఏడు అది, డెబ్బై రెండో మూడో. పెళ్లికొడుకు నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. మాది పేడతో అలికిన మట్టి నేల కాబట్టి, నాపరాళ్లు పరిచిన ఇంట్లో నేల ఎంత చల్లగా ఉంటుందో అక్క ఆ వానాకాలమంతా చెప్పి చెప్పి నన్ను విసిగించింది. ఒకనాడు నేను కంచెలో చిక్కుకుని ఏడుస్తుంటే, తను వచ్చి ఆ దూలగొండి తీగను ఉత్త చేత్తో గుప్పిట పట్టి పెరికి పారేసింది. మా అక్కకు ఎంత ధైర్యమో అని నేను ఇంటికొచ్చి నాయనమ్మకు గొప్పలు చెప్పాను.

నాయనమ్మ నవ్వలేదు. అక్క చేయి తిప్పి చూసింది. దద్దుర్లు లేచే ఉన్నాయి.

"మండుతలేదా బిడ్డా?"

"జరంత గూడ మండుతలేదు నాయనమ్మా" అని అక్క నవ్వింది.

మణికట్టు దగ్గర వెలిసినట్టున్న మచ్చను నాయనమ్మ గోటితో గిచ్చి, మళ్లీ అడిగి, పొయ్యి ముందు కూలబడింది. ఆమె తోడబుట్టినవాడికీ ఇట్లాగే మొదలైందట.

నాయన అక్కను వికారాబాద్ తీసుకెళ్తే డాక్టరు కుష్టు అన్నాడు. మనవాళ్లు పెద్దరోగం అనేవారే, అదే. మంటా నొప్పీ తెలియకపోవడమే దాని మొదటి గుర్తట. తాండూరు వాళ్లు మళ్లీ మా గడప తొక్కలేదు. ఊళ్లోవాళ్లు బావి దగ్గరికి రానివ్వలేదు. చివరికి నాయన తనను ఎక్కడో దూరాన ఉన్న దవాఖానలో వదిలి వచ్చి, గొడ్ల కొట్టంలో కూర్చుని ఏడ్చాడు. ఎనభైలలో కొత్త గోళీలు వచ్చి రోగమైతే పోయింది గానీ, అప్పటికే వేళ్లు కొంకర్లు పోయిన అక్క ఇక ఇంటికి రానంది. ఇక అంటదని డాక్టరు చెప్పినా సరే, నేను చూడబోయినప్పుడల్లా చేతులు కొంగులో దాచుకుని "ముట్టకు చెల్లె" అనేది. అక్కడే కన్నుమూసింది.

ఇప్పుడు మచ్చ కనబడగానే ఊరి దవాఖానలోనే గోళీలు ఉత్తగా ఇస్తున్నారు, వేళ్లు వంకరపోకముందే నయమవుతోంది. సంతోషించాల్సిందే. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు కొంగులో దాచుకున్న అక్క చేతులే కనబడతాయి.

మనవరాలు ముందుకు నడిచాక నేను వెనక్కి వెళ్లి ఆ ఆకును గుప్పిట పట్టాను. పొద్దుగూకే దాకా మండింది. నూనె రాసుకోబుద్ధి కాలేదు. ఇంతే మంట ఆనాడు అక్కకు తెలిసి ఉంటే, తాండూరులో ఆ చల్లని నాపరాళ్ల మీద కాళ్లు చాపుకుని కూర్చునేది కదా, నా తల్లి.