కొండను చూడటానికి మా మరిది ఎక్కిన విమానం

మా మరిది పోయినాడు. మొన్న శుక్రవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలినవాడు మళ్ళీ కదల్లేదని మా తోడికోడలు ఫోన్ చేసి చెప్పింది. మా ఇంటికి రెండు వీధుల దూరం. నేను చెప్పులేసుకుని పోయేసరికే పక్కింటివాళ్ళు హాలు ఖాళీ చేసి చాప పరిచినారు. గుండె అన్నారు. నాకు డెబ్బై ఆరు, ఆయనకు డెబ్బై ఒకటి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ముందు పోయే బండిని ఏనాడూ దాటనివాడు, ఆఖర్న నన్ను దాటిపోయినాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు తిరుపతి నుంచి తిరుమలకు ఘాట్ రోడ్డులో బస్సు నడిపినాడు. ఒక్క ప్రమాదం లేదు. "మలుపులో బ్రేకు తొక్కేవాడు డ్రైవరు కాదు వదినా, మలుపు రాకముందే తొక్కినోడు డ్రైవరు" అనేవాడు. ఇంట్లోనూ అదే పద్ధతి. మా తోడికోడలు గొంతు పెంచబోతోందని తెలియగానే చెప్పులేసుకుని వీధిలో ఉండేవాడు.

మా ఆయన పోయిన తర్వాత పదకొండేళ్ళు, రోజూ సాయంత్రం అయిదింటికి వచ్చేవాడు. ఓదార్పు మాటలు ఏనాడూ చెప్పలేదు. కాఫీ తాగి, కుళాయి కారుతోందేమో చూసి, గేటు దగ్గరికి వేసి పోయేవాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ నాకు వేదాంతం చెప్పి పోయినారు. కుళాయి బాగుచేసింది ఈయనొక్కడే.

రెండేళ్ళ కిందట కంటి డాక్టరు ఆయనకు గ్లకోమా అన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది. చుక్కలు వేసుకుంటే ఉన్న చూపును కొంత కాపాడుకోవచ్చు, పోయిన చూపు రాదు. ఆ సాయంత్రం కాఫీ సగం తాగి, ఎప్పుడూ చెప్పని మాట చెప్పినాడు.

"ముప్పై ఏండ్లు కొండ మీద తిరిగినా గానీ కొండను సూడలేదు వదినా. నేను సూసింది రోడ్డు. ఈ మలుపు అయినాక ఇంకో మలుపు. పక్కకు సూస్తే యాభై మంది పోతారు గదా. కండ్లు పోకముందు ఒక్కసారి కొండ మొత్తం సూడాల."

మిద్దెక్కి చూడమన్నాను. కింద నుంచి అందరూ చూస్తారన్నాడు. అయితే రేణిగుంటలో విమానం ఎక్కమన్నాను. కిటికీలో రెండు నిమిషాలు కనపడుతుందట, అదీ రెక్క అడ్డమట. నడిపేవాడి సీట్లో కూర్చుని చూడాలట. ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపే సాఫ్ట్‌వేర్లు ఉంటాయని, ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారని, వాటిలో మన ఊళ్ళూ కొండలూ గూడా ఉంటాయని పార్కులో ఎవరో చెప్పినారట. "నువ్వు ఫిజిక్స్ టీచరువి గదా, ఏది మంచిదో సూసి చెప్పు" అన్నాడు.

రిటైరయిన టీచరు చేతికి ఎర్ర పెన్ను ఇయ్యకూడదు. నేను రెండు నెలలు చదివినాను. మూడింటిని ఏరి, కాగితం మీద గళ్ళు గీసి మార్కులు వేసినాను. మొదటిది ఉపగ్రహాలు తీసిన ఫోటోలను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుని భూమిని ఉన్నదున్నట్టు పరుస్తుంది గానీ, దానికి పెద్ద కంప్యూటర్ కావాలి, నెట్ వేగంగా రావాలి. రెండోదానిలో నేల సాదాసీదాగా ఉంటుంది గానీ, రెక్క మీద గాలి ఎట్లా పనిచేస్తుందో క్షణక్షణం లెక్కకట్టి విమానాన్ని నిజంగా నడిపిస్తుంది. మూడోది ఉచితం, దాన్ని అమర్చుకునే ఓపిక ఉన్నవాళ్ళకు. రెక్క మీద గాలికి నేను వేసిన మార్కులు ముప్పైకి. కొండలు కనపడటానికి, పదికి.

రెండోది నెగ్గింది. కాగితం చూపిస్తే "నీకు తెలుసు గదా" అన్నాడు.

దాన్ని కొని మా ఇంట్లో కంప్యూటర్‌లో పెట్టించినాం. విమానం తిప్పే కొత్త జాయ్‌స్టిక్‌కు కుంకుమబొట్టు పెట్టి, దాని ముందు నిమ్మకాయ కోసి, అప్పుడు కూర్చున్నాడు. వారంలో విమానం దించడం నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ళు నేను పాఠం చెప్పిన పిల్లలు ఎవరూ విననంత శ్రద్ధగా, విమానం ఎందుకు లేస్తుందో నా చేత చెప్పించుకుని విన్నాడు. అంతా విన్నాక తెర వైపు వేలు చూపించి మెల్లగా అన్నాడు. "కొండలు మాత్రం సంగటి ముద్దలు పెట్టినట్టుండాయి వదినా. రోడ్డు గూడా లేదు."

అయినా ఆ ముద్దల మీదుగా ఏనాడూ పోలేదు. గుడి మీదుగా విమానం పోకూడదని, అది ఉండే చోటు అంచనా వేసుకుని చుట్టూ తిరిగి పోయేవాడు. అది వట్టి బొమ్మ గదప్పా అంటే, "ఇంట్లో పటానికి మొక్కుతామే, అది బొమ్మ కాదా" అన్నాడు.  

ఫోటోలతో భూమిని పరిచే ఆ మొదటిది కొందామా అని అడిగినాడు. దానికి కొత్త వెర్షన్ వస్తోంది, ఇప్పుడు పాతది కొనడం తెలివితక్కువ అన్నాను. వానలు పోయినాక అది వచ్చింది. అందులో తప్పులున్నాయని జనం రాసినారు. అవి సర్దేదాకా ఆగమన్నాను. "వచ్చినాదా వదినా?" అని రెండు వారాలకోసారి అడిగేవాడు, బస్‌స్టాండులో మనిషి అడిగినట్టు. మొత్తం తొమ్మిది నెలలు ఆపినాను.

ఆ తొమ్మిది నెలల్లో ఆయన మా గుమ్మానికి భుజం కొట్టుకోవడం చూసినాను. ఒకరోజు కాఫీ గ్లాసులో పొయ్యబోయి పక్కన పోసినాడు. "నేలకు గూడా కాఫీ కావాల్నా?" అన్నాను. నవ్వినాడు. కళ్ళు ఎట్లా ఉన్నాయంటే బాగానే ఉన్నాయనేవాడు, నేనూ సరే అనేదాన్ని. క్లాసులో వెనక బెంచీ పిల్లవాడు కళ్ళు చికిలిస్తే లేపి ముందు కూర్చోబెట్టినదాన్ని నేను.

మీ ఇంట్లో ఎవరైనా ఇట్లాంటిది కొనాలని సలహా అడిగితే మార్కులు వెయ్యకండి. ఏం చూడాలని ఉందో అడగండి. అది బాగా కనపడేదాన్ని ఆ రోజే కొనండి.

చివరికి కొన్నాం. కంప్యూటర్ అంగడామె వచ్చి పాత పెట్టె తీసేసి కొత్తది పెట్టి, అన్నీ సరిచేసి పోయింది. మరుసటిరోజు పొద్దున పదింటికి రేణిగుంటలో విమానం లేపినాడు. ఎడమకు తిప్పగానే తెర మీదికి కొండ వచ్చింది. అదే ఎర్రటి రాతిగోడ, అదే అడవి, దాని మీద సన్నగా ఘాట్ రోడ్డు.  తిరిగి ఆయన్ని చూసినాను. ముక్కు తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి, తల కొంచెం కొంచెంగా జరుపుతున్నాడు.

"ఏమప్పా?" అన్నాను.

"గొట్టంలోంచి సూసినట్టుండాది" అన్నాడు. "ఒక మలుపు కనపడతాంది. తల జరిపితే ఇంకోటి. మొత్తం ఒక్కసారి రావడంలేదు."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. కొండను ఒకవైపుకు వదిలి విమానాన్ని తూర్పుకు తిప్పి, అది తనంతట తానే పోతూ ఉండే మీట నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "నువ్వు సూసి చెప్పు వదినా."

ముప్పై ఏళ్ళు కనపడని గాలినీ, ధ్వనినీ, వెలుతురునూ నోటితో చెప్పి బతికినదాన్ని. "ఎర్రగా ఉంది" అన్నాను. "చెట్లున్నాయి." "ఇంకా?" అన్నాడు. "పెద్దదిగా ఉంది" అన్నాను. మూడో తరగతి పిల్లలు రాస్తారు అట్లా. ఇంకేమీ రాలేదు. నేను వెతుక్కుంటుండగానే కొండ తెర దాటిపోయింది.

వెనక్కి తిప్పమని నేను అనలేదు. ఆయన కళ్ళు తెరవలేదు. సత్యవేడు దిక్కు పొలాలు వచ్చినాయి, పోయినాయి. తడ దగ్గర పెద్ద రోడ్డు, ఆ తర్వాత సరస్సు, సన్నటి ఇసుక గీత.

"ఇప్పుడేముండాది?"

"నీళ్ళు."

"ఇంకా?"

"నీళ్ళే."

తల ఊపినాడు. విమానం పోతానే ఉండింది. తెర నిండా నీలం, ఏ పక్కా ఒడ్డు లేదు.