శనివారం మాట లెక్కలోకి రాదు

నా పేరు సవారమ్మ. వయసు డెబ్బై అయిదు దాటింది, ఎంత దాటిందో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. రాయచూరు గంజ్ వెనక సందులో, కుస్తీ నేర్పే తాలీము గోడను ఆనుకొని ఉన్న ఇల్లు నాది. ఇంట్లో నేను, కోడలు, మనవరాలు. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. ఈరోజు సోమవారం. ఆ ముక్క మరిచిపోకుండా రాయమన్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా తాలీము వస్తాదు పోయాడు. నిన్న కాదు, అంతకు ముందు ఆదివారం. పొద్దున్నే గోదాలో మట్టి తిరగేస్తూ, సగం అయ్యాక ఆయాసమొచ్చి గట్టు మీద కూర్చున్నాడట. అంతే. కేకలు విని నేను గోడ దగ్గరికి వెళ్ళేసరికి పార ఇంకా ఆయన ఒడిలోనే ఉంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకా పోలేదు. ముందు ఆయన మీద, తర్వాత తాలీము కమిటీ అధ్యక్షుడి మీద. రెండూ చెప్తాను, వినండి.

మా నాయన గంజ్‌లో జొన్న బస్తాలు మోసిన మనిషి, అందరికీ గంజ్ పహిల్వాన్. ఆయన రోజుల్లో ఆయన వీపుకు మట్టి అంటించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. వస్తాదు ఆయన శిష్యుడే. ఇప్పుడు పేరు మోగుతున్నది జాలహళ్ళి పిల్లవాడిది. వస్తాదు చేతికిందే పెరిగి, ఊరు దాటి వెళ్ళి పరుపుల మీద కుస్తీ నేర్చి పతకాలు తెచ్చాడు. నిలబడితే వాకిలి మూసుకుపోతుంది. ఆ కాలపు మా నాయనా, ఈ కాలపు ఆ పిల్లవాడూ కలబడితే ఎవరు గెలుస్తారు? పోయినవాడికీ ఉన్నవాడికీ కుస్తీ ఏమిటని మీరు నవ్వవచ్చు. మా తాలీము గట్టు మీద రోజూ సాయంత్రం ఆ కుస్తీ జరిగేది.

మా నాయన తరఫు వస్తాదు. జాలహళ్ళి పిల్లవాడి తరఫు రజాక్ సాబ్, ఒకప్పటి లారీ డ్రైవరు.

“ఏంది సాబ్, పరుపు మీద ఎగిరినోడు మా ఎర్రమన్నుల కాలు పెట్టనీ, ఆడ్నే దిగబడతడు.”

“అరె వస్తాద్, మీ గురువు తిన్నది జొన్నరొట్టె. మావోడు తినేది బాదం. వజన్ చూసినవా? ఊకె మీద పడితే చాలు, కుస్తీ ఖతం.”

“ముందు మన్ను చెప్పు. ఎవరి మన్నుల కుస్తీ పట్టిస్తున్నవ్? తర్వాత మనిషిని చెప్పు.”

అదీ ఆయన మాట. మట్టిలో మజ్జిగ పోశారా, నూనె కలిపారా, ఎండాకాలమా, వానాకాలమా తేలేదాకా మాటల్లో కూడా ఎవరినీ లంగోటా కట్టనిచ్చేవాడు కాదు.

తాలీములోకి ఆడవాళ్ళు రాకూడదు. మా ఆయన పోయాక నేను ఇంట్లోనే గోడకు వీపు ఆనించి ఈ మాటలు వింటూ పొద్దుపుచ్చేదాన్ని. ఒకనాడు రజాక్ సాబ్ “గంజ్ పహిల్వాన్‌కు ఎడమ కాలు కంజోర్, బలం లేదు” అన్నాడు. ఆగలేకపోయాను. “ఎడమది కాదు, కుడిది! నూనె రాసి తోమిన దాన్ని నాకు తెల్వదా?” అని అరిచాను. మరునాడు వస్తాదు తానే గునపం పట్టి గోడ పై వరసలు తీసేశాడు.

“గోదాల అడుగు పెట్టొద్దన్నరు గని, గోడ మీద కూసోవద్దని ఎవరన్నరు? కూసో చెల్లె. మా ఇద్దరికి తీర్పు చెప్పు.”

అప్పటినుంచి అది నా జాగా. ముండమోసిన ఆడదాన్ని మళ్ళీ నలుగురిలో కూర్చోబెట్టి, నోరు ఇచ్చినవాడు ఆయన.

ఇక శనివారం సంగతి. ఆ రోజు హనుమంతుడికి కొబ్బరికాయ కొట్టాక ఇద్దరూ పక్షాలు మార్చుకోవాలి. వస్తాదు జాలహళ్ళి వైపు, రజాక్ సాబ్ మా నాయన వైపు. అది ఈ తాలీము కట్టుబాటు. మొదటిసారి నాకు ఎవరూ చెప్పలేదు. మా నాయన్ను వెల్లకిలా పడేసినట్టు వస్తాదు చెప్తుంటే ఒళ్ళు మండి చెంబెడు నీళ్ళు ఆయన మొహాన కొట్టాను.

“శనివారం చెల్లె, శనివారం! ఇయ్యాల నీ నాయన నాకు పగోడు!” అని నీళ్ళు కారుతూనే నవ్వాడు.

ఇదేం కట్టుబాటని అడిగితే, “ఎదుటోని ఒంట్ల ఒక్కసారి దూరి రావాలె. నీ పట్టు ఏడ సడలిందో గప్పుడు తెలుస్తది” అన్నాడు. ఆదివారం వాదనకు సెలవు. సోమవారం మళ్ళీ ఎవరి పక్షం వాళ్ళది.

ఆ చివరి శనివారం ఎప్పటికంటే బాగా మాట్లాడాడు, దిక్కుమాలినవాడు. “గంజ్ పహిల్వాన్ దినాలు ఖతం. గీ మన్నుల ఏముంది, మోకాళ్ళు గీరుకపోవుడు తప్ప? సిమెంటు పోసి పరుపులెయ్యాలె. జాలహళ్ళోడు రెప్పపాటుల చిత్ చేస్తడు” అన్నాడు. “సోమవారం రానీ, నీ సంగతి చెప్త” అని పళ్ళు కొరికాను. ఆయనకు సోమవారం రాలేదు. అవతలి పక్షాన ఉండగానే పోయాడు. గురువును వెల్లకిలా పడేసి, లేపకుండా పోయాడు. ఒక్క పూట ఆగలేకపోయాడా? అదీ ఆయన మీద నా కోపం.

నిన్న తాలీములో సంతాప సభ పెట్టారు. అధ్యక్షుడు ఫోటోకు దండ వేసి, ఫోను తీసి మైకు దగ్గర పెట్టాడు. ఆ శనివారం మాటలన్నీ అందులో పట్టుకున్నాడట. మన్నులో ఏముంది, సిమెంటు పోయాలి అంటున్న వస్తాదు గొంతు అందరికీ వినిపించాడు.

“పెద్దాయన ఆఖరి కోరిక ఇదే. గోదా పూడ్చి పరుపులు వేద్దాం, ఆయన పేరు పెడదాం” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

నేను గోడ మీద లేచి నిలబడ్డాను. “ఓ అధ్యక్షా! అది శనివారం మాట!”

“శనివారమైతే ఏందవ్వా? గొంతు ఆయనదే గదా. నేనేం మార్చలే.”

“మార్చలే. నువ్వు ఎన్నడన్న సోమవారం వచ్చినవా ఈడికి?”

అధ్యక్షుడు వచ్చేదే శనివారం కొబ్బరి ప్రసాదానికి. అందుకే ఆయన కళ్ళకు వస్తాదు ఎప్పుడూ పరుపుల మనిషి, రజాక్ సాబ్ ఎప్పుడూ మట్టి మనిషి.

“ఆపకు, ఇంక ముందుకు పోనియ్” అన్నాను. ఫోనులో రజాక్ సాబ్ గొంతు వచ్చింది: “గంజ్ పహిల్వాన్ అసుంటి మర్ద్ మళ్ళ పుట్టడు. ఈ మన్ను ఆయన చెమట తాగింది.” పాతవాళ్ళంతా గొల్లుమని నవ్వారు. రజాక్ సాబ్ మాత్రం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“సిమెంటు లారీ గురువారం వస్తది. ఆలోపు రాసియ్యి అవ్వా, కమిటీల చదివిపిస్త” అన్నాడు అధ్యక్షుడు. అందుకే ఇది రాయిస్తున్నాను.

పరుపు చెడ్డదని నేను అనను. శనివారం రండి, అదే గోడ మీద కూర్చొని మీకంటే గట్టిగా పరుపుల తరఫున నేనే మాట్లాడతాను, మా నాయన్ను నేనే పడగొడతాను. ఆరోజు మాత్రం నా మాటలు ఫోనులో పట్టకండి. పరుపులు ఇంకో చోట వేసుకోండి, స్థలం లేక కాదు. ఆ మట్టి పూడ్చితే మా నాయనా, జాలహళ్ళి పిల్లవాడూ ఇంక ఎక్కడ కలబడతారు? వస్తాదు తన పక్షానికి తిరిగి వచ్చేదెక్కడికి?

సభ అయ్యాక, వస్తాదు కోసం వచ్చిన జాలహళ్ళి పిల్లవాడు ప్యాంటు మోకాళ్ళకు మడిచి గోదాలోకి దిగాడు. వస్తాదు సగంలో వదిలిన మట్టిని, ఆ పారతోనే, చివరిదాకా తిరగేశాడు.

మనవరాలు సిరా డబ్బీ తెచ్చింది. వద్దన్నాను. రజాక్ సాబ్ గోడ మీదుగా దోసెడు తడి మట్టి అందించాడు. నా బొటనవేలు అందులో ముంచి ఇక్కడ ఒత్తాను.

సవారమ్మ ఎడమ బొటనవేలి ముద్ర, గోదా మట్టితో.

సాక్షులు: రజాక్ సాబ్, పరుపుల పక్షం.
భీమేశ, జాలహళ్ళి పహిల్వాన్, మట్టి పక్షం.

సోమవారం.